పదకొండు రాకెట్ల దుర్గాశంకర్

దుర్గాశంకర్ పెడనలో నేతపని చేసే సాంబమూర్తి కొడుకు. ఆ ఇంట్లో మగ్గం గుంటలోకి దిగకుండా పెరిగిన మొదటి మగపిల్లవాడు అతనే. దిగనివ్వలేదు తండ్రి. "ఇందులో ఒకసారి కాళ్ళు పెట్టావంటే నడుం పడిపోయేదాకా తియ్యలేవురా. పోయి చదువుకో" అని బందరు కాలేజీకి తోలాడు. బీఎస్సీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. బీఈడీ సీటు రాలేదు. చివరికి విజయవాడలో, బెంజ్ సర్కిల్‌కి నాలుగు సందుల అవతల ఉన్న ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా కుదిరాడు. ఇరవై రెండేళ్ళు అక్కడే చేశాడు.

చేశాడంటే చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ల్యాబ్ అయిదో అంతస్తులో ఉండేది. కింద నాలుగు అంతస్తుల్లో పిల్లలు పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎంట్రన్స్ బిట్లు బట్టీ పట్టేవాళ్ళు. ల్యాబ్‌కి ఎక్కే తీరిక వాళ్ళకి లేదు, ఎక్కించే ఉద్దేశం యాజమాన్యానికీ లేదు. ఇన్‌స్పెక్షన్ రోజున తలుపులు తీయాలి, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ అయ్యాయని కాగితాలు చూపించాలి. పిల్లల రికార్డుల్లో రీడింగులు శంకర్ చేతే వేయించేవాళ్ళు. లోలకం ప్రయోగంలో ఏ విలువ రావాలో అతనికి తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టి అంకెలు నింపేవాడు. ఆ లోలకాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ ఊపలేదు. వారానికోసారి శంకర్ దాని మీద దుమ్ము తుడిచేవాడు.

అతను చేరిన ఏడెనిమిదేళ్ళకి ఒక వేసవిలో, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఫిజిక్స్ లెక్చరర్ రామకోటేశ్వరరావు గారు బెంగుళూరు వెళ్ళి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో చిన్న రాకెట్ కిట్ ఉంది. అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, మూడు రెక్కలు, బొటనవేలంత మోటారు.

"ఏమోయ్ శంకర్, మనిద్దరం ఒకసారైనా నిజంగా ఒక ప్రయోగం చేద్దామా?" అన్నారాయన.

పొద్దున ఆరింటికి బ్యారేజీ దిగువన ఇసుకలోకి వెళ్ళారు. ఏప్రిల్ నెల, నది ఎండి ఎక్కడో పక్కన సన్నటి పాయగా ఉంది. ఇనుప కడ్డీ గుచ్చి, రాకెట్ నిలబెట్టి, స్కూటర్ బ్యాటరీకి తీగలు కలిపి పది గజాల దూరం వెళ్ళారు. మీట నొక్కమని రామకోటేశ్వరరావు గారు శంకర్‌కే ఇచ్చారు. బుస్సుమని ఒక్క చప్పుడు. ఏమైందో తెలిసేలోపల కడ్డీ ఖాళీగా ఉంది. తల పైకెత్తితే తెల్లటి గీత, గీత చివర చుక్క. ఆ చుక్క ఒక క్షణం ఆగింది. తర్వాత చిన్న పొగ ఉండ, అందులోంచి ఎర్ర గొడుగు విచ్చుకుని, ఊగుతూ ఊగుతూ నది మధ్యకి దిగసాగింది.

ముప్ఫై ఏళ్ళు నిండిన మనిషి దాని కింద చేతులు చాచుకుని ఇసుకలో పరిగెత్తాడు. ఆ పరుగు గురించి శంకర్ తర్వాత ఎవరికీ చెప్పలేదు, భార్య మాధురికి తప్ప. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా ఆకాశంలో జరగడం అతను చూడటం అదే మొదలు.

అప్పటినుంచి ఆదివారాలు రాకెట్లకి పోయాయి. నేర్పేవాళ్ళు లేరు. రామకోటేశ్వరరావు గారు తనకి తెలిసినంత చెప్పారు, మిగతాది ఇంటర్నెట్ సెంటర్లోనూ తర్వాత ఫోన్లోనూ చూసి నేర్చుకున్నాడు. పీవీసీ పైపు మీద బ్రౌన్ పేపరు మైదా జిగురుతో పొరలు పొరలుగా చుట్టి గొట్టం చేసేవాడు. ముక్కుకీ రెక్కలకీ తేలిక చెక్క కావాలి. రైలెక్కి కొండపల్లి వెళ్ళి, అక్కడ బొమ్మలు చేసే కనకలక్ష్మి చేత పొణికి చెక్క చెక్కించుకునేవాడు. మొదటిసారి అతను కాగితం మీద గీసిన బొమ్మని ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దేని ముక్కు తమ్ముడూ? ఏనుగుదీ కాదు, చిలకదీ కాదు."

"రాకెట్టుదక్కా."

"పైకి పోద్దా?"

"పోద్ది."

"పోయి?"

"కిందికి వస్తది."

ఆవిడ ఇంకేం అడగకుండా ఆకురాయి తీసుకుంది. చేతిలో తూకం చూసుకుంటూ అరిగించి, అరిగించి, ఈకలా తేలిపోయే ముక్కు చేసిచ్చింది. ఇక గొడుగులు మాధురి కుట్టేది. "కాలనీలో ఆడవాళ్ళు జాకెట్లకి నా చుట్టూ తిరుగుతుంటే నేనేమో చిట్టి గొడుగులు కుట్టుకుంటా కూర్చున్నా" అని గొణిగేది కానీ, కుట్లు మాత్రం సమంగా వేసేది.

పదిహేనేళ్ళలో శంకర్ పదకొండు రాకెట్లు చేశాడు. అందులో ఎగిరినవి నాలుగే. మోటార్లు దొరక్క మిగతావి బీరువా మీద నిలబడి ఉండేవి. వేరే రాష్ట్రంలో వాటిని చేసే ఒకాయన మొదట్లో పార్శిల్లో పంపేవాడు. తర్వాత కొరియర్ వాళ్ళు మందుసామాను మోయలేమన్నారు. ఆ తర్వాత ఆయన తయారీయే మానేశాడు. రామకోటేశ్వరరావు గారు కరోనా రెండో విడతలో పోయారు. ఆయన అంత్యక్రియలకి నలుగురినే రానిచ్చారు, శంకర్ ఆ నలుగురిలో లేడు.

అనుమతి తెచ్చుకుంటే దారి దొరుకుతుందేమోనని లైసెన్సులిచ్చే ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ ఎలిజబెత్ అనే క్లర్కు అతని అర్జీ రెండుసార్లు చదివింది.

"దీపావళి షాపు పెట్టుకోడానికైతే ఫారం ఉందండి. క్వారీ వాళ్ళకి వేరే ఫారం ఉంది. మీదేంటి?"

"హాబీ అండి."

"అమ్మకం ఏమన్నా ఉందాండి?"

"లేదండి. ఎగరేసి చూసుకోవడమే."

ఆవిడ అతనివైపు జాలిగా చూసింది. "హాబీకి ఫారం లేదండి. పైకి రాసి క్లారిఫికేషన్ అడుగుతాను. మళ్ళీ కనపడండి."

మాట తప్పలేదు, రాసింది. పైనుంచే ఏమీ రాలేదు. శంకర్ ఏడాదిలో ఆరుసార్లు కనపడ్డాడు. ఏడోసారి వెళ్తే ఆవిడ బదిలీ అయిపోయింది, ఆ సీట్లో ఉన్నతనికి అర్జీ ఏ ఫైల్లో ఉందో తెలియదు.

ఇంట్లో ఒక్క మోటారు మిగిలింది. బియ్యం పోసిన స్టీలు డబ్బాలో మూడు వానాకాలాలు దాచాడు. దానికి సరిపడా పదకొండోది చేశాడు. అయిదడుగుల పొడుగు, తెల్లరంగు మీద నీలం గీత, లోపల ఎత్తు కొలిచే చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ళ. అంతకుముందు వాటిలో ఏదీ ఎంత ఎత్తు ఎగిరిందో అతనికి కచ్చితంగా తెలియదు. దీనికైనా ఒక నిజమైన రీడింగు ఉండాలనుకున్నాడు.

ఆ సంక్రాంతి సెలవుల తర్వాత డీన్ పిలిచి చల్లగా చెప్పాడు. "ల్యాబ్ తీసేస్తున్నాం శంకర్. జూన్‌ నుంచి అది స్టడీ హాలు. నిన్ను అడ్మిన్‌లో సర్దుతాంలే." శంకర్‌కి ఏం మాట్లాడాలో తోచలేదు. తోచక, రాకెట్ సంగతి చెప్పాడు. పోయేముందు పిల్లలకి ఒక్క ప్రయోగం చూపిస్తానన్నాడు. డీన్ ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నట్టున్నాడు. "పబ్లిసిటీకి కూడా బాగుంటది. ఒక బస్సు పిల్లల్ని తీసుకొస్తా. ఎక్కడో చెప్పు" అన్నాడు.

చోటు బసవయ్య ఇచ్చాడు. పెడన దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో కౌలుకి చేసుకునే రైతు ఆయన. సాంబమూర్తికి పాత స్నేహితుడు, శంకర్‌కి బాబాయ్ వరస. "మినుము తీసేశాంగా, చేను ఖాళీయే. వచ్చి ఎగరేసుకో అబ్బాయ్. మేవూ చూస్తాం" అన్నాడు.

మార్చి రెండో ఆదివారం. శంకర్, మాధురి మొదటి బస్సుకి బయలుదేరారు. రాకెట్‌ని పాత చీరలో చుట్టారు. అదేంటని కండక్టర్ అడిగితే కర్టెన్ రాడ్డన్నాడు శంకర్. ఏడింటికల్లా చేలో కడ్డీ గుచ్చాడు. అప్పటికి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తోంది. రాకెట్ ఎప్పుడూ గాలికి ఎదురు తిరుగుతుందని అతనికి తెలుసు. అందుకే గాలి వచ్చే వైపు అంతా ఖాళీ చేలు ఉండేటట్టు, బసవయ్య గడ్డివామి వెనక సముద్రం వైపు ఉండేటట్టు చూసుకుని నిలబెట్టాడు. పని తెలిసినవాడు చేసే ఏర్పాటే.

ఎనిమిదింటికి రావాల్సిన బస్సు తొమ్మిదైనా రాలేదు. ఊళ్ళోవాళ్ళు పాతికమంది గట్ల మీద కూర్చున్నారు. బసవయ్య భార్య అందరికీ టీ పంపింది. పది దాటాక డీన్ ఫోన్ చేశాడు.

"శంకర్, పిల్లలకి టెస్టు ముందుకి జరిగింది. రావడం కుదరదు. నువ్వు వీడియో తీసి గ్రూపులో పెట్టెయ్."

ఫోన్ పెట్టేసేసరికి గాలి మారింది. ఆ వేళకి మారడం ఆ తీరాన రోజూ ఉండేదే. ఇప్పుడది సముద్రం మీద నుంచి వస్తోంది. అంటే రాకెట్ వామి వైపే తిరుగుతుంది. కడ్డీ పీకి చేను అవతలి కొసకి తీసుకెళ్ళాలి. తీగలు, బ్యాటరీ అన్నీ మార్చాలంటే అరగంట పని. జనం అప్పటికే లేచి లుంగీలు దులుపుకుంటున్నారు.

మాధురి దగ్గరికొచ్చింది. "గాలి చూడండి. వద్దండీ ఇవాళ. వచ్చే ఆదివారం వద్దాం."

"వచ్చే ఆదివారానికి ఏం మారిద్ది?" అన్నాడు శంకర్.

ఇంకొకటి కూడా అతనికి తెలుసు, మాధురికి చెప్పలేదు. ఆ పొద్దున మోటారు బయటికి తీసినప్పుడు దాని అంచున అట్ట కాస్త ఉబ్బి, తెల్లటి పొడి రాలింది. చెమ్మ తగిలింది. దాన్ని పారేయాలి. వేలితో ఆ పొడి తుడిచేసి, మోటారు లోపలికి నెట్టి మూత బిగించాడు. తర్వాత ఎవరెన్ని అడిగినా, తన తప్పు ఎక్కడుందో చెప్పమంటే, అతనికి ఆ తుడవడమే గుర్తొచ్చేది.

మీట నొక్కాడు. రాకెట్ ఒక క్షణం ఆలస్యంగా లేచింది. లేచాక బాగానే పోయింది. గట్ల మీది జనం ఒక్కసారి ఓహ్ అన్నారు, చిన్నపిల్లలెవరో చప్పట్లు కొట్టారు. అంత పైకి అతని రాకెట్ ఏదీ ఎన్నడూ పోలేదు. తర్వాత మెల్లగా, తల వంచినట్టుగా, సముద్రం వైపు ఒరిగింది. పైకొసన గొడుగు తన్నాల్సిన చిన్న మందు పేలలేదు. శంకర్ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. నాలుగు, అయిదు, ఆరు. గొడుగు రాలేదు. అయిదడుగుల గొట్టం ముక్కు కిందికి పెట్టుకుని ఈటెలా దిగి వరిగడ్డి వామిలో సగం దాకా దిగబడింది. అప్పుడు, అందరూ హమ్మయ్య అనుకున్నాక, లోపల టప్పుమంది.

ఎండు గడ్డి, ఎదురుగాలి. రెండు నిమిషాల్లో వామి పైదాకా మంట లేచింది. పక్కన బోదె కాలవలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఆడా మగా బిందెలు అందుకున్నారు. వామి నీడన కట్టేసిన గేదెని విప్పడానికి బసవయ్య ఉరికాడు. తలుగు తాడు ముడి పడిపోయి రాలేదు. వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. శంకర్ బిందె పట్టుకుని పరిగెత్తాడు కానీ తొట్రుపడి రెండుసార్లు మధ్యలోనే పారబోశాడు. ఫైరింజను వచ్చేసరికి ఆ వామీ, పక్క చేలో రామిరెడ్డి వామీ నల్లటి కుప్పలయ్యాయి.

మాధురి బసవయ్య చేతికి తడిగుడ్డ చుడుతుంటే శంకర్ ఎదుట నిలబడి "బాబాయ్" అన్నాడు.

"సర్లేవయ్యా. నువ్వేం కావాలని చేశావా?" అన్నాడు బసవయ్య. కోపంగా అని ఉంటే ఆ మాటని శంకర్ ఎలాగో దిగమింగుకునేవాడు.

మధ్యాహ్నానికి వీడియో ఫోన్లన్నిటికీ పాకింది. ఊరి మీద రాకెట్ పడిందని ఒకరు, బాంబని ఒకరు. పోలీసులొచ్చారు. బసవయ్య ఫిర్యాదు రాయనన్నాడు. "మావోడేనండి. నేనే రమ్మన్నా" అన్నాడు. వీడియో అంత దూరం పోయాక వాళ్ళు ఊరుకోరు కాబట్టి తామే కేసు కట్టారు. బీరువా మీది రాకెట్లు కూడా పట్టుకుపోయారు. గడ్డిలోంచి తీసిన పదకొండోదాని అడుగు సగం మాడింది, ముక్కువైపు కొంత మిగిలింది. స్టేషన్ బల్ల మీద దాన్ని చూడగానే శంకర్‌కి లోపలి బిళ్ళ గుర్తొచ్చింది.

"సార్, దాంట్లో ఒక చిన్న మీటరుంటదండి. బాగానే ఉండి ఉంటది. దాన్ని ఫోన్‌కి కలిపితే ఎంత ఎత్తు పోయిందో చూపిస్తది. ఒక్కసారి చూస్తానండి."

ఎస్సై రాస్తున్నవాడు తలెత్తాడు. కసురుకోలేదు. "అది తెలిసి ఏం చేస్తావయ్యా?"

శంకర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఎస్సై రాకెట్‌ని గోనెసంచిలో వేయించి సీలు వేయించాడు.

వారం తిరక్కుండా కాలేజీలో అతని పని అయిపోయింది. కేసు తేలేదాకా రావద్దన్నారు, తేలాక కూడా పిలవరని అందరికీ తెలుసు. ల్యాబ్ సామాను పాత ఇనుం వాళ్ళకి వేశారని ప్యూను చెప్పాడు. కూతురు మనోజ్ఞ బీకాం రెండో ఏడు. వాళ్ళ క్లాసు గ్రూపులో ఎవరో ఆ వీడియోకి పాట అతికించి పెట్టారు. ఆ పిల్ల కాలేజీకి బస్సులో కాకుండా నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది, బస్సులో అందరూ తెలిసినవాళ్ళే ఉంటారని.

బసవయ్యకి గడ్డి తెచ్చివ్వాలని శంకర్ పట్టుపట్టాడు. చేలల్లో గడ్డి అప్పటికే మిషన్లతో మోపులు కట్టించి లారీలకెత్తేశారు. ఊరూరా తిరిగి, గుడివాడ అవతల ఒక రైతు దగ్గర ట్రాక్టరుకి సరిపడా సంపాదించి తీసుకెళ్ళేసరికి మూడు వారాలు పట్టింది. ట్రాక్టరు ఇంటిముందు ఆగితే బసవయ్య భార్య బయటికొచ్చింది.

"ఇంకెందుకయ్యా? గేదెల్ని పోయిన శనివారమే సంతకి తోలేశాం. చేతికి కట్టుతో ఆయన పాలెట్టా పితుకుతాడు?"

లోపల మంచం మీద బసవయ్య కనిపిస్తున్నాడు. ఇటు తిరగలేదు. నిద్రపోతున్నాడో లేదో తెలియదు. ట్రాక్టరు డ్రైవరు గడ్డి ఎక్కడ దించమంటారని రెండుసార్లు అడిగాడు. చివరికి రామిరెడ్డి ఇంట్లో దించారు. రామిరెడ్డి తీసుకున్నాడు కానీ శంకర్‌ని లోపలికి రమ్మనలేదు.

కేసు ఏడాదిన్నర నడిచింది. వాయిదా ఉన్నప్పుడల్లా బందరు వెళ్ళి, వరండాలో కూర్చుని, సాయంత్రం తేదీ రాసుకుని తిరిగొచ్చేవాడు. ఈలోగా హోల్‌సేల్ గుడ్డల కొట్టులో తాన్లు మడిచే పని దొరికింది. సాంబమూర్తి అది విని "పోన్లే, చివరికి గుడ్డ దగ్గరికే వచ్చావు" అన్నాడు. వేళాకోళంగా అన్నాడేమోనని మాధురి బాధపడింది. శంకర్‌కి అలా అనిపించలేదు. అదీ నిజమే కదా అనుకున్నాడు.

లాయరు జయంత్ కుర్రవాడు, ఓపికగా చెప్పాడు. "ఒప్పుకుంటే జరిమానాతో పోద్దండి. లేకపోతే ఇంకో నాలుగేళ్ళు. జడ్జిగారు అడిగితే తెలియక చేశానని చెప్పండి. సైన్సూ అదీ అని మొదలెట్టకండి."

"తెలియక కాదు కదండీ" అన్నాడు శంకర్.

"అంటే?"

"తెలిసే చేశాను. గాలి మారిందని తెలుసు. మోటారు చెమ్మగిల్లిందనీ తెలుసు."

జయంత్ ఫైలు మూసేశాడు. "అది మాత్రం ఇంకెక్కడా అనకండి" అన్నాడు.

కోర్టులో పేరు పిలిచారు. బెంచీ పక్కన సీలు విప్పిన గోనెసంచులు ఉన్నాయి. గుమాస్తా చదివాడు, రాకెట్లను పోలిన కాగితపు గొట్టాలు పదకొండు అని. జడ్జిగారు అడిగినప్పుడు శంకర్ చేతులు కట్టుకుని "తెలియక చేశానండి" అన్నాడు. ఆ ఇరవై రెండేళ్ళలో తెలిసి చేసిన పని అదొక్కటే అనిపించి అతని గొంతు అక్కడ కొద్దిగా తగ్గింది. వినపడలేదేమో, జడ్జిగారు మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాడు. జరిమానా వేసి, పట్టుకున్న సామాను ధ్వంసం చేయమని ఉత్తర్వు రాశారు. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు. వెనకాల ఇంకో కేసు వాళ్ళు అప్పటికే ముందుకి జరుగుతున్నారు.

బస్టాండులో మాధురి రెండు టీలు తెచ్చింది. అతను తాగలేదు, చల్లారేదాకా చేతిలో పట్టుకున్నాడు.

"పోన్లెండి. అయిపోయింది కదా" అంది మాధురి.

"అయిపోయింది" అన్నాడు.

విజయవాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దోవ పొడుగునా చేలల్లో నాట్లు పడుతున్నాయి. మాధురి అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. శంకర్ బయటికి చూస్తూ కూర్చున్నాడు కానీ ఒక్కసారి కూడా కళ్ళు గట్ల కంటే పైకి ఎత్తలేదు.

ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. పొద్దెక్కేదాకా మంచం దిగడు. మాధురి కుట్టుమిషను ఆపి ఒకటి రెండుసార్లు లేపుతుంది, తర్వాత ఊరుకుంటుంది.